ఇంట మొలకెత్తించు పప్పుధాన్యములు

నల్లగొండ, మహబూబునగరు సీమలు మెట్ట ప్రదేశములు. వానకాలమున పెరటి పాదులలోను, చేనిగట్లమీదను పుంటికూరయో, గంగవాయిలికూరయో, తోటకూరయో దొరకుచునే యుండును. ఫాల్గుణము దాటిన పిమ్మట బావు లడుగంటును, పెరటిలోని పాదులెండును. సంతలో దొరకు ఆకుకూర కట్ట వాడిపోయి యుండుటయే గాక వెలయు హెచ్చుగా నుండును. అప్పుడు పచ్చిపులుసుతోను, చింతతొక్కుతోను, ఎండుకారముతోను జొన్నరొట్టె దిని దినములు గడపు సంసారములు మనలో తక్కువ కావు. కాని యెంత కఱవు దినములందైనను ఇంటి కుండలో పెసలో, ఉలవలో, బొబ్బర్లో మానెడైన నుండక మానవు. ఆ యెండుగింజలనే రెండు దినములలో పచ్చికూరగా మార్చు నుపాయము గృహిణి చేతిలో నున్నది. దానికి పెరడు వలదు, ఎరువు వలదు; ఒక గుడ్డముక్కయు, రెండుమూడు చెంబుల మంచినీరును చాలును.

మొలక మనకు క్రొత్తది కాదు. పెండ్లిండ్లలోను, దేవాలయముల యుత్సవములలోను అంకురార్పణము చేసి పాలికలలో నవధాన్యములు చల్లుదుము. గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, సెనగలు, బొబ్బర్లు, నువ్వులు, మినుములు, ఉలవలు అను నీ తొమ్మిదింటిలో ఆఱు పప్పుధాన్యములే యగుట గమనింపదగినది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలలో లంబాడీ కన్యలు శ్రావణమాసమున తీజ్ పండుగకు బుట్టలలో మన్ను నింపి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నియమముతో నీళ్ళు పోసి, పాటలు పాడుచు మొలకలను పెంచుదురు. రైతు నారు పోయుటకు ముందు వడ్లను నానబోసి మండెకట్టును. విత్తనము మంచిదో కాదో తెలియుటకు నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి, యెన్ని మొలచినవో లెక్కపెట్టును. దైవకార్యమునందును, కృషియందును ఇంత చనవుగల యీ మొలక వంటింటిలోనికి మాత్రము నిత్యముగా రాకపోవుట వింత.

మొలకలోని విశేషము

గింజ యనగా నిద్రించుచున్న చిన్న మొక్క. దాని ప్రక్కనే తల్లి కట్టియిచ్చిన సద్దిమూటవలె పిండిపదార్థము, మాంసకృత్తులు, లవణములు నిలువ యుండును. గింజ యెండియున్నంతకాలము ఆ మూటకు ముడి విడదు. నీరు తగిలిన వెంటనే గింజలోని కిణ్వములు మేల్కొని పిండిని చక్కెరగాను, మాంసకృత్తులను సులభముగా జీర్ణమగు రూపమునకును మార్చ నారంభించును. ఇనుము మొదలగు లవణములను గట్టిగా పట్టియుంచి మన యొంటికి అందనీయని ఫైటేటు అను పదార్థమును కొంత తగ్గును. కడుపుబ్బరము కలిగించు కొన్ని చక్కెరలును తగ్గును. వీటన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఎండు పప్పుగింజలో లేశమైన కానరాని సి విటమిను, మొలకలో క్రొత్తగా పుట్టును.

ఈ కడపటి సంగతి లోకమునకు తెలియుటలో మన దేశపు సిపాయిల బాధకును భాగము కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున, 1916 ప్రాంతమున, మెసొపొటేమియాలో పోరాడిన హిందూదేశపు సైనికులకు పచ్చికూరలు లేక, ఎండు పప్పును పిండియు మాత్రమే ఆహారమగుటచే స్కర్వీ వ్యాధి సోకెను. చిగుళ్ళు వాచి నెత్తురు కారుట, కీళ్ళు నొచ్చుట, గాయములు మానకుండుట దాని లక్షణములు. లండనులోని లిస్టరు పరిశోధనాలయమున హారియెట్ చిక్, ఎలెన్ మేరియన్ డెల్ఫ్ అను నిద్దఱు విదుషీమణులు ఎండు గింజలకును మొలక గింజలకును గల భేదమును పరీక్షించి, మొలకకు స్కర్వీని వారించు శక్తి కలదని 1919లో ప్రకటించిరి. తరువాత 1940 ప్రాంతమున నేటి హర్యానాలోని హిస్సారు జిల్లాలో కఱవు వచ్చి స్కర్వీ వ్యాపింపగా, సెనగల మొలకలను పంచిపెట్టి దానిని అదుపులోనికి తెచ్చిరి. హిస్సారు కూడ మన సీమవలె వానలేమికి లోనగు మెట్టనేలయే.

అయినను మొలకకు లేని గొప్పను అంటగట్టరాదు. నూరు గ్రాముల పెసర మొలకలలో సి విటమిను సుమారు 13 మిల్లీగ్రాములు మాత్రమే యుండును. ఉసిరికాయకును జామపండుకును అది సాటి రాదు. మొలకెత్తినంత మాత్రమున మాంసకృత్తులు రెట్టింపగునని కొందఱు చెప్పుమాటయు నిజము కాదు. ఉన్నవే సులభముగా నరుగును, అంతియె. ఉసిరికయు జామయు దొరకని దినములలో, చేతనున్న గింజనుండియే కొంత పచ్చదనము పుట్టించుకొనవచ్చుననుటయే దీని మహిమ.

ఎవరికి ముఖ్యము?

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలెను. నడచిన ఆయాసము, తల తిరుగుట, గోళ్ళు పాలిపోవుట మొదలగువానిని మనము పనిభారమునకు ముడిపెట్టి యూరకుందుము. మన జొన్నలోను, పప్పులోను ఇనుము లేకపోలేదు. అది యొంటబట్టుట తక్కువ. ఫైటేటు తగ్గి, సి విటమిను తోడైనచో అదే ఇనుము మఱికొంత హెచ్చుగా నొంటబట్టును. కావున రొట్టెతోపాటు మొలకల కూరయు, దానిపై పిండిన నిమ్మరసమును స్త్రీకి తగిన ఆహారము. భోజనమైన వెంటనే టీ త్రాగు నలవాటు ఈ లాభమును చెఱచును. టీని భోజనమునకు గంటసేపు ఎడముగా నుంచుట మేలు. రక్తహీనత ముదిరినవారు వైద్యుడిచ్చిన ఇనుపమాత్రలను మానరాదు. మొలక మాత్రకు తోడే కాని మాఱు కాదు.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. అందఱికి వడ్డించి, గిన్నె యడుగున మిగిలినది తినుట యిల్లాలి సుగుణమని మనకు చిన్ననాటినుండి నేర్పిరి. గుణమెట్టిదైనను గిన్నె యడుగున నెత్తురు దొరకదు. నెలనెలా రక్తము పోవునది ఆమెకు. గర్భమున శిశువును మోయునది ఆమె. చంటిబిడ్డకు పాలిచ్చునది ఆమె. కావున మొలకలు దింపిన నాడు ఆమె భాగమును మొదటనే వేఱుగా తీసి మూతపెట్టవలెను. అత్తగారు కోడలికి, తల్లి కూతురికి ఈ పద్ధతి నేర్పినయెడల ఇంటిలో నెవ్వరికిని తక్కువ కాదు.

గింజల యెంపిక

పెసలు అన్నిటికంటె సులభముగా మొలచును. తరువాత బొబ్బర్లు, ఉలవలు, నాటుసెనగలు, పొట్టు మినుములు, మెంతులు. శ్రావణమాసపు నోములలో వాయనమిచ్చుటకు నానబోసిన సెనగలు ఇంట మిగిలినప్పుడు వాడనీయక మూటకట్టినచో మఱునాటికి మొలచును. ముక్కలైన గింజయు, పొట్టు తీసిన పప్పును మొలవవు. మొలవకపోగా కుళ్ళి తక్కినవానిని చెఱచును. కావున చెఱిగి, ఏఱి, గుండుగింజలనే తీసికొనవలెను.

గింజ మొలచుట వేఱు, తినదగుట వేఱు. ఈ క్రింది విషయములు ప్రతి గృహిణియు నెఱిగి యుండవలెను.

జొన్న మన ప్రధానాహారమైనను దాని మొలకను తినరాదు. లేత జొన్న మొలకలో తీవ్రమైన విషము పుట్టు పదార్థము కలదు. వాన వెనుకబడి బెట్టకొట్టిన లేతజొన్నను మేసి పశువులు కడుపుబ్బి పడిపోవుటను మన రైతులు ‘నాము’ అందురు. పశువును పడవేయు పైరు మనుష్యునకు కూర కానేరదు. జొన్న రొట్టెగాను, గట్కగాను తినుటకే మంచిది.

విత్తుటకని అంగడినుండి తెచ్చిన విత్తనములకు మందు పట్టించి యుందురు. అవి గులాబియో, నీలమో, పచ్చయో రంగు పూసినట్లుండును. వాటిని ఎంత కడిగినను తినరాదు. విత్తగా మిగిలిన సంచిని వంటింటిలో నుంచుటయే తగదు. పురుగు పట్టకుండ విషపు బిళ్ళలు వేసి నిలువచేసిన గింజలును ఈ పనికి వలదు. బూడిదయో, వేపాకో, ఎఱ్ఱమన్నో కలిపి దాచిన ఇంటిగింజలు మంచివి. వానిని మూడు నాలుగు నీళ్ళలో కడిగిన చాలును.

మన సీమలో కందియు ఆముదమును ఒకే చేనిలో సాళ్ళుగా వేయుదురు. కళ్ళములో ఒకటి రెండు ఆముదపు గింజలు పప్పుగింజలలో కలియుట కలదు. ఆముదపు గింజ ప్రాణహాని కలిగించు విషము. ఏఱునప్పుడు కంటికి వెలుతురు చాలునట్లు కూర్చుండవలెను.

అనుములు, చిక్కుడు గింజలు, రాజ్మా మొలచినను పచ్చిగా తినరాదు. బాగుగా ఉడికించియే తినవలెను. బూజుపట్టిన పల్లీలను మొలకకే కాదు, దేనికిని వాడరాదు.

మొలక కట్టు విధము

ఐదుగురున్న యింటికి 200 గ్రాముల పెసలు చాలును. రాత్రి భోజనమైన పిమ్మట గింజలను కడిగి, మూడింతల నీటిలో నానబోసి మూత పెట్టవలెను. తెల్లవాఱగనే ఆ నీటిని వంచివేసి, మంచినీటితో మఱల కడిగి, ఉడికించి యెండలో నారవేసిన పలుచని నూలుగుడ్డలో వదులుగా మూటకట్టవలెను. గింజ ఉబ్బి గాలి పీల్చును గనుక బిగించి కట్టినచో లోపలి గింజలు కమరును. మూటను నీరు కాఱిపోవునట్లు చిల్లుల గిన్నెలోనో, కొక్కెమునకో వ్రేలాడదీయవలెను. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూటను విప్పి, గింజలను నీటిలో జాడించి మఱల కట్టవలెను. గింజకు తడి కావలెను గాని, నిలువనీరు కారాదు. ఈ యొక్క సూత్రమును పాటించినచో తక్కినదంతయు గింజయే చేసికొనును.

ఎండకాలమున పెసలు మూటకట్టిన నాటి సాయంకాలమునకో, మఱునాటి యుదయమునకో మొలచును. చలికాలమున దినమున్నర పట్టును. సెనగలు పండ్రెండు గంటలు నాని, ఒకటి రెండు దినములలో మొలచును. ఉలవలకు నానుటకే పండ్రెండు గంటలకు మించి కావలెను. అప్పటికిని కొన్ని గింజలు రాళ్ళవలె నానకయే మిగులును. వానిని ఏఱివేయనిచో పంటిక్రింద పడును. మన వేసవి యెండలో మూట వేడెక్కి పులియు భయము కలదు గనుక దానిని నీళ్ళకుండ ప్రక్కన చల్లని చోట నుంచవలెను. తోక అర అంగుళము వచ్చినప్పుడు దింపుట మంచిది. ఎండుగింజల తూకము అప్పటికి రెట్టింపునకు మించును. జిగట పట్టినను, పుల్లని వాసన వచ్చినను, బూజు కనబడినను ఆశపడక పాఱవేయవలెను.

నీటి విషయము

నానిన గింజ తన యెత్తుకు సమానముగా నీరు త్రాగును. అనగా మనము తిను మొలకలో సగమునకు దగ్గఱగా నీరే. కావున త్రాగుటకు పనికిరాని నీరు మొలకకును పనికిరాదు. ఇది యెక్కడికంటె నల్లగొండ సీమలో ముఖ్యము. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో బోరునీటిలోని ఫ్లోరైడు ఎందఱి పండ్లను గారపట్టించెనో, ఎందఱి యెముకలను వంచెనో మన మెఱుగుదుము. పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో మన జిల్లా పేరే పెట్టిరి. నీటిని మరగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది అది చిక్కబడును. కావున మరగించితిమను ధైర్యముతో ఫ్లోరైడు గల బోరునీటిలో గింజలు నానబోయరాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమువలన వచ్చు నదీజలమునో, శుద్ధిచేసిన నీటినో నానబోయుటకును జాడించుటకును వాడవలెను. మొలకలు తినినంతమాత్రమున వంగిన యెముక నిటారు కాదు. ఆ ఆశ యెవ్వరును పెట్టరాదు.

పచ్చిగానా, వండియా?

పచ్చి మొలకలే శ్రేష్ఠమని నేడు పలువురు చెప్పుచున్నారు. గింజకు మొలచుటకు కావలసిన వెచ్చదనమును తడియు క్రిములకును ఇష్టములే. గింజ పొట్టు పగుళ్ళలో నొక్క క్రిమి దాగియున్నను, రెండు దినములలో అది లెక్కకు మించి పెరుగును. పైన కడిగినంత మాత్రమున పోదు. 2011లో జర్మనీ దేశమున మెంతి మొలకలు పచ్చిగా తిని 3,800 మందికి పైగా జబ్బుపడిరి. ఏబదిమందికి పైగా మరణించిరి. మృతులలో స్త్రీలు హెచ్చు. శుచికి పేరుపొందిన దేశములోనే యిట్లు జరిగినప్పుడు మనము మఱింత మెలకువతో నుండవలెను.

గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, జబ్బునుండి తేఱుకొనుచున్నవారు పచ్చి మొలకలు తినరానే రాదు. తక్కినవారికిని ఆవిరిపై పదినిమిషము లుడికించి పెట్టుట క్షేమము. ఆయుర్వేదమును మొలకెత్తిన ధాన్యములను విరూఢములని పేర్కొని, అవి గురువులు, అనగా అరుగుటకు భారమైనవని చెప్పినది. అల్లము, జీలకఱ్ఱ చేర్చి వండు మన పద్ధతి దీనికి తగినట్లే యున్నది. వండుటవలన సి విటమిను కొంత నశించును. దింపిన పిమ్మట నిమ్మరసము పిండినచో ఆ లోటు తీఱును.

బొబ్బెర గుడాలు చేయు రీతినే మొలక గుడాలు చేయవచ్చును. ఆవిరిపై ఉడికిన మొలకలను, ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిర్చి, కరివేపాకు, తఱిగిన ఉల్లిగడ్డ పోపులో వేసి, ఉప్పు, పసుపు చేర్చి కలియబెట్టి దింపి నిమ్మకాయ పిండవలెను. ఉలవ మొలకలు మెత్తబడుటకు అరగంట పట్టును. వానిని చింతపండు పులుసులో కొంచెము బెల్లము వేసి వండినచో జొన్నరొట్టెకు మంచి జోడు. ఉడికిన నీరు పాఱబోయక పులుసులోనే కలుపవలెను. జొన్నలో తక్కువైన మాంసకృత్తి భాగము పప్పుగింజలో నుండును గనుక, ఈ జోడు నాలుకకే కాదు, ఒంటికిని అనుకూలము.

పసిబిడ్డలకు తైదల జావ

ఆఱునెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు జావ పట్టుదుము. బిడ్డ కడుపు చిన్నది. జావ చిక్కగా కాచినచో మ్రింగలేదు. పలుచగా కాచినచో నీరే గాని సత్తువ యుండదు. మన తల్లులకు నిత్యము కలుగు నీ చిక్కును మొలక తీర్చగలదు. తైదలను పండ్రెండు గంటలు నానబెట్టి, మూటకట్టి ఒకటి రెండు దినములు మొలకెత్తించి, బాగుగా ఎండబెట్టి, చేత నలిపి మొలకలు రాల్చి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువఱకు వేయించి విసరవలెను. మొలక తైదలలోని కిణ్వము పిండిని కరగించును. అందువలన మామూలు పిండికంటె హెచ్చు పిండి వేసినను జావ గట్టిపడదు. చల్లని నీటిలో పిండి కలిపి, సన్నని మంటపై మెల్లగా వేడిచేయుచు తుదకు బాగుగా మరగనీయవలెను. మాడువఱకు వేయించినచో ఆ గుణము నశించును. ఎండలో సరిగా ఆరని పిండి బూజుపట్టును గనుక పదిహేను దినములకు చాలినంతయే చేసికొనుట మేలు.

ఇంటి కుండలోని గుప్పెడు గింజలకు మన శ్రద్ధయే కొఱత. వారమునకు రెండుమూడు మార్లు, ముఖ్యముగా చైత్రమునుండి జ్యేష్ఠము వఱకు కూరలు కఱవైన దినములలో, రాత్రి పడుకొనబోవు ముందు గింజలు నానబోయుట అలవాటు చేసికొందము. ఏఱుట, జాడించుట బడియీడు పిల్లలకు అప్పగించినచో వారికది ఆటయు పాఠమును అగును. ఏ గింజ తినదగునో, ఏది తగదో ఆడపిల్లకును మగపిల్లవానికిని సమానముగా నేర్పుదము. వండి దింపిన పిమ్మట ఇల్లాలి పళ్ళెములోను ఆ కూర పడినదో లేదో ఇంటిల్లిపాదియు చూచుకొనవలెను.